పాత ఫైబర్ పడవను చలికాలంలో ఇంటి దగ్గరే బాగుచేసుకోవడం: గంజాం, పూరీ తీర తెలుగు మత్స్యకారులకు మార్గదర్శి

ఒడిశా తీరంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలు గోపాల్‌పూర్, ఆర్యపల్లి, సోనాపూర్ వంటి గంజాం జిల్లా పల్లెల్లోనూ, పూరీలోని పెంటకోటలోనూ ఎక్కువగా ఉన్నాయి. ఒడియావారు వీరిని నోళియాలు అంటారు. ఒకప్పుడు వీరి వేటంతా కర్ర తెప్పల మీద, చెక్క పడవల మీద సాగేది. ఇప్పుడు ఆ ఇసుకలో ఎక్కువగా కనిపించేది ఫైబర్ పడవే. దాదాపు 28 అడుగుల పొడవు, వెనుక చిన్న ఇంజన్, నలుగురైదుగురు మనుషులు, వలలు. ఒక ఇంటి బతుకంతా దాని మీదే.

ఈ పడవల్లో చాలావాటికి వయసు మీద పడింది. 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2019 మే 3న పూరీ దగ్గర తీరం దాటిన ఫణి తుపానులు ఈ తీరాన్ని వరుసగా దెబ్బతీశాయి. అప్పుడు దెబ్బతిన్నవాటికి అతుకులు వేసి, రంగు కొట్టి మళ్లీ నీళ్లలోకి దింపినవి ఉన్నాయి. కొత్త పడవ, ఇంజన్, వలలు కలిపితే లక్షల్లో పని. అప్పు చేయకుండా అంత డబ్బు సమకూర్చుకోగలిగే ఇళ్లు తక్కువ. అందుకే పాత పడవను సరిగ్గా బాగుచేసుకోవడం ఈ కుటుంబాలకు చాలా అవసరమైన విషయం.

ముందుగా ఒక మాట. ఫైబర్ పడవ ఎక్కువగా పాడయ్యేది ఫైబర్ వల్ల కాదు, లోపలికి చేరిన నీటి వల్ల. పైన రంగు మెరుస్తున్నా లోపల చెక్క కుళ్లిపోయి ఉండవచ్చు. తడి ఆరకుండా వేసిన అతుకు ఎంత మందంగా ఉన్నా ఊడిపోతుంది. కాబట్టి బాగుచేయడంలో సగం పని ఎండబెట్టడమే. ఆ పనికి చలికాలాన్ని మించిన కాలం లేదు.

చలికాలమే ఎందుకు

ఆలివ్ రిడ్లీ తాబేళ్ల రక్షణ కోసం ఒడిశాలో ఏటా నవంబర్ 1 నుంచి మే 31 వరకు ధామ్రా, దేవి, ఋషికుల్యా నదీముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేటను నిషేధిస్తారు. ఋషికుల్యా గంజాం జిల్లాలోనే సముద్రంలో కలుస్తుంది. దాని చుట్టుపక్కల పల్లెల్లో చాలా పడవలు ఆ నెలల్లో ఒడ్డునే ఉంటాయి. తూర్పు తీరమంతటికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామం కూడా ఉంది. కానీ ఆ రోజుల్లో ఎండ తీవ్రంగా ఉంటుంది. రెసిన్ టిన్నులోనే గడ్డకట్టుకుపోతుంది. గాలిలో తేమ కూడా ఎక్కువ.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఈ తీరంలో వానలు తక్కువ, గాలి పొడిగా ఉంటుంది. రెసిన్ పనికి 18 నుంచి 30 డిగ్రీల మధ్య వేడి బాగుంటుంది. 15 డిగ్రీల కంటే తగ్గితే అది సరిగా గట్టిపడదు. అందువల్ల రాత్రి చలిలో, తెల్లవారుజామున మంచు పడే వేళ ఆ పని పెట్టుకోకూడదు. పొద్దున పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటిలోపు ముగించాలి. సాయంత్రం మంచు పడకముందే అతుకు గట్టిపడి ఉండాలి.

యానాంలోనూ, ఇతర చోట్లా వేసవి విరామంలోనే ఈ పని చేసుకునేవారు పొద్దున్నే, నీడలో చేయాలి. హార్డ్‌నర్‌ను తక్కువ పాలులో, అంటే 1 శాతం దగ్గర వాడాలి. అంతకంటే తగ్గించకూడదు. తగ్గిస్తే రెసిన్ ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు.

నవంబర్: ఒడ్డుకు చేర్చడం, విప్పడం

పడవను అలలు చేరనంత దూరం లాగి, ఇంటి దగ్గర నీడ ఉన్న చోట నిలపండి. అడుగు నేలకు తగలకుండా ఇసుక బస్తాల మీదో, పాత టైర్ల మీదో ఎత్తి పెట్టాలి. రెండుమూడు చోట్ల కాకుండా పొడవునా ఆధారం ఉండేలా చూడాలి. లేకపోతే నెలల తరబడి నిలబడినప్పుడు అడుగు వంగుతుంది. నవంబర్ ఇంకా తుపాన్ల కాలమే. గుంజలు పాతి మోకులతో గట్టిగా కట్టేయండి.

ఇంజన్, వలలు, లంగరు, పలకలు అన్నీ తీసేయండి. పడవను మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. ఉప్పు ఉన్నంతకాలం అది గాలిలోని తేమను పీల్చుకుంటూ ఉంటుంది, ఎంత ఎండబెట్టినా ఆరదు. అడుగున ఉన్న నీళ్ల బిరడా తీసి, అణియం వైపు ఎత్తుగా పెడితే నీరంతా అమరం వైపు జారిపోతుంది.

గ్రైండర్ పెట్టకముందే రిజిస్ట్రేషన్ నంబరుకూ, రంగు గుర్తులకూ ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. పని అయ్యాక అదే చోట, అదే కొలతలో మళ్లీ రాయించాలి. నంబరు లేని పడవను సముద్రంలో తీర గస్తీ సిబ్బంది ఆపుతారు. రిజిస్ట్రేషన్ కాగితంలోని యజమాని పేరు ఆధార్‌లోని పేరుతో సరిపోలుతోందో లేదో ఈ నెలలోనే చూసుకోవడం మంచిది. తెలుగు ఇంటిపేర్లు ఒడియాలోకి, ఇంగ్లీషులోకి మారేటప్పుడు అక్షరాలు తేడా పడతాయి. తుపాను పరిహారం అడిగే రోజున ఆ తేడా అడ్డొస్తుంది.

పరీక్ష: ఎక్కడ నీరు చేరింది?

ఖరీదైన పరికరమేదీ అక్కర్లేదు. చిన్న సుత్తి, రూపాయి బిళ్ల, సుద్దముక్క చాలు.

తట్టి వినండి. అడుగు, పక్కలు, వెనక బల్ల అంతటా జానెడు దూరానికొకసారి తట్టుకుంటూ పోండి. గట్టి భాగం ఖంగుమంటుంది. పొరలు విడిపోయిన చోట, చెక్క కుళ్లిన చోట శబ్దం మొద్దుగా, డొల్లగా వస్తుంది. అలాంటి చోటల్లా సుద్దతో గీసుకోండి.

పగుళ్లు చూడండి. పై పూతలో సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు ఒకే చోట గుమిగూడి ఉంటే అక్కడ దెబ్బ తగిలిందని అర్థం. లోపలి అడ్డ పక్కెలు అడుగుతో కలిసే చోట వరుసగా పగుళ్లు ఉంటే, ఆ పక్కె పట్టు వదిలేస్తోందని అర్థం. ఇది మొదటిదానికంటే ప్రమాదం.

బొబ్బలు చూడండి. అడుగున చిన్న బొబ్బలు కనిపిస్తే ఒకటి పగలగొట్టి వాసన చూడండి. వెనిగర్ లాంటి పులుపు వాసన వస్తే నీరు పూతను దాటి లోపలి రెసిన్‌ను పాడుచేస్తోందని అర్థం. కళ్లకు అద్దాలు పెట్టుకునే ఈ పని చేయండి. బొబ్బలోని ద్రవం ఒత్తిడితో చిమ్ముతుంది.

వెనక బల్లను తొలిచి చూడండి. ఇంజన్ బిగించే బల్ల లోపల సాధారణంగా చెక్కో, ప్లైవుడ్డో ఉంటుంది. పడవ లోపలి వైపు నుంచి, కింది భాగంలో 5 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. బయటి పొర దాకా వెళ్లకూడదు. పొడి, లేత రంగు పొట్టు వస్తే చెక్క బాగుంది. నల్లగా, తడిగా ముద్దలా వస్తే చెక్క మార్చక తప్పదు.

తేలుడు కోసం నింపినదాన్నీ చూడండి. చాలా పడవల్లో మునిగిపోకుండా మూసిన అరల్లో ఫోమ్ గానీ థర్మోకోల్ గానీ నింపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది నీరు పీల్చుకుంటుంది. పడవ గతంలో కంటే బరువెక్కిందని, ఒడ్డుకు లాగడానికి ఎక్కువ మంది కావాల్సి వస్తోందని అనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఎప్పుడు బాగుచేయకూడదు

వెనక బల్ల ఒక్కటే కుళ్లితే మార్చవచ్చు. అడుగున నాలుగైదు చోట్ల అరిగితే పొరలు వేయవచ్చు. కానీ అడుగంతా కాలితో నొక్కితే దిగిపోతున్నా, పక్కెలు పొడవునా ఊడిపోయినా, పడవ మెలి తిరిగినట్టు కనిపిస్తున్నా దాని మీద డబ్బు పెట్టకండి. అలల ఒరిపిడిలో విరిగేది అలాంటి పడవే. అప్పుడు 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సంప్రదాయ మత్స్యకారుల పాత పడవల స్థానంలో కొత్తవి ఇచ్చే అంశం గురించి జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. ఆ పథకంలో లబ్ధిదారు యూనిట్లకు సాధారణ వర్గాలవారికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికీ మహిళలకూ 60 శాతం వరకు సాయం ఉంటుంది.

డిసెంబర్: ఎండబెట్టడం

సుద్ద గీసిన చోట్ల పై పూతను గ్రైండర్‌తో తీసేయండి. పూత ఉన్నంతవరకు లోపలి తడి బయటికి రాదు. తడిసిన ఫోమ్, కుళ్లిన చెక్క పూర్తిగా తవ్వి తీయాలి. పైన టార్పాలిన్ కట్టండి. కానీ పడవను మూసేయకూడదు. పక్కల నుంచి గాలి ఆడాలి, పైనుంచి మంచు పడకూడదు.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి పాలిథిన్ పరీక్ష ఉంది. గీకిన చోట అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పల్చని, పారదర్శకమైన పాలిథిన్ ముక్క పెట్టి నాలుగు అంచులూ టేపుతో అంటించండి. ఒక రోజు తర్వాత లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టే. వారం ఆగి మళ్లీ పెట్టండి. చుక్కలు రానంతవరకు రెసిన్ డబ్బా తెరవకండి. దీనికి మూడు వారాలు పట్టవచ్చు, ఆరు వారాలూ పట్టవచ్చు. తొందరపడేది ఎక్కువగా ఇక్కడే, తర్వాతి ఏడాది అతుకు ఊడేదీ ఇందువల్లే.

సరుకులు

బరంపురం వంటి పట్టణాల్లో ఫైబర్ సరుకు కొనేటప్పుడు ఈ పేర్లతో అడగండి.

మ్యాట్: చిన్న గాజు పోగులను అంటించిన పరుపు లాంటిది. పడవ పనికి చదరపు మీటరుకు 450 గ్రాములది ఎక్కువగా వాడతారు. ఒక పొర దాదాపు 1 మిల్లీమీటరు మందం ఇస్తుంది.

రోవింగ్: నేసిన గాజుబట్ట, సాధారణంగా 610 గ్రాములది. బలం దీనిదే. రెండు రోవింగ్ పొరల మధ్య తప్పకుండా ఒక మ్యాట్ పొర ఉండాలి.

రెసిన్: పాలియెస్టర్ రెసిన్. మామూలు రకం కంటే ఐసోఫ్తాలిక్ రకం నీటిని బాగా తట్టుకుంటుంది. ధర కొంచెం ఎక్కువైనా నీటిలో మునిగే భాగానికి అదే వాడండి. డబ్బా మీద తయారీ తేదీ చూడండి. నెలల తరబడి ఎండలో ఉన్న రెసిన్ పనికిరాదు.

కోబాల్ట్, హార్డ్‌నర్: రెసిన్‌ను గట్టిపరిచేవి. కొన్ని రెసిన్లలో కోబాల్ట్ ముందే కలిపి ఉంటుంది. కొనేటప్పుడే అడగండి.

కోబాల్ట్‌ను, హార్డ్‌నర్‌ను నేరుగా కలపకండి

ఈ రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలవచ్చు. కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో పోసి పూర్తిగా కలపాలి. ఆ తర్వాతే హార్డ్‌నర్ పోయాలి. రెంటికీ ఒకే కొలత గ్లాసు వాడకూడదు, ఒకే అలమారలో పెట్టకూడదు. హార్డ్‌నర్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. వెంటనే పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా మంచినీళ్లతో కడుగుతూ ఆస్పత్రికి వెళ్లాలి. పిల్లలు చల్లటి పానీయం అనుకుని తాగే సీసాల్లో దీన్ని ఎప్పుడూ పోసి పెట్టకండి.

జనవరి: అతుకు వేయడం

చిల్లు ఉన్న చోట అంచులను నిటారుగా వదలకుండా ఏటవాలుగా అరగదీయాలి. కొలత: మందానికి 12 రెట్లు. ఉదాహరణకు పడవ గోడ 6 మిల్లీమీటర్ల మందం, చిల్లు 10 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. ఒక్కో వైపు 72 మిల్లీమీటర్లు అరగదీయాలి. అంటే అతుకు మొత్తం వెడల్పు సుమారు 25 సెంటీమీటర్లు అవుతుంది. చిన్న చిల్లుకు ఇంత పెద్ద అతుకా అనిపించవచ్చు. కానీ పాత ఫైబర్‌కు కొత్తది రసాయనికంగా కలిసిపోదు, అంటుకుని ఉంటుంది అంతే. అంటుకునే చోటు ఎంత వెడల్పైతే అంత బలం.

6 మిల్లీమీటర్ల మందం తిరిగి రావాలంటే 450 మ్యాట్ ఆరు పొరలు కావాలి. ముక్కలను ఒకదానికంటే ఒకటి చిన్నదిగా కత్తిరించుకోండి. మొదట పెద్ద ముక్క వేస్తే ఏటవాలు అంతటినీ పట్టుకుంటుంది. మూడు పొరలు వేసి ఆగండి. ఆరూ ఒకేసారి వేస్తే లోపల వేడెక్కి అతుకు వంకరపోతుంది. మరునాడు పైభాగాన్ని గరుకు కాగితంతో రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి, ఆరాక మిగిలిన మూడు వేయండి.

రెసిన్ లెక్క కూడా తూకంతోనే చేయాలి. మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లు రెసిన్ కావాలి. ఒక చదరపు మీటరులో మూడు పొరలంటే మ్యాట్ 1350 గ్రాములు, రెసిన్ సుమారు 3.4 కిలోలు. 1.5 శాతం లెక్కన హార్డ్‌నర్ సుమారు 50 గ్రాములు. అంతా ఒకేసారి కలపకండి. అరకిలో, కిలో చొప్పున కలుపుకోండి. టిన్నులో మిగిలిన రెసిన్ వేడెక్కి పొగ వస్తే దాన్ని ఇంటికి దూరంగా ఇసుకలో పెట్టి వదిలేయండి.

ముందు అరగదీసిన చోట రెసిన్ పూసి, దాని మీద మ్యాట్ పరిచి, బ్రష్‌తో అద్దండి. తెల్లగా ఉన్న పోగులు తడిసి పారదర్శకంగా మారాలి. గాళ్ల రోలర్‌తో మధ్య నుంచి అంచులకు నెడుతూ గాలి బుడగలు తీసేయండి. ఎక్కువ రెసిన్ పోస్తే బలం పెరగదు. పెళుసుగా మారుతుంది.

వెనక బల్ల, తేలుడు అరలు

వెనక బల్ల మార్చేటప్పుడు బయటి పొరను ఉంచి, లోపలి పొరను కోసి చెక్కను తవ్వండి. కొత్తదానికి ఐఎస్ 710 గుర్తు ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోవాలి. 18 మిల్లీమీటర్ల పలకలు రెండు రెసిన్‌తో, మధ్యలో మ్యాట్ పెట్టి అతికించి వాడవచ్చు. అంచులకు రెండుసార్లు రెసిన్ పట్టించాలి. ప్లైవుడ్‌లోకి నీరు ముందుగా దిగేది అంచుల నుంచే.

ఇంజన్ బోల్టుల రంధ్రాలే చెక్క కుళ్లడానికి పెద్ద కారణం. ప్రతి రంధ్రాన్నీ బోల్టు కంటే పెద్దదిగా తొలిచి, చిక్కటి రెసిన్ ముద్దతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు రంధ్రం వేయండి. అప్పుడు బోల్టు పక్కన నీరు దిగినా చెక్కను తాకదు.

అరల్లో థర్మోకోల్ పెడితే దాన్ని ముందు పాలిథిన్‌లో చుట్టండి. పాలియెస్టర్ రెసిన్ గానీ పెట్రోల్ గానీ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. నీరు పీల్చని గట్టి పాలియురేథేన్ ఫోమ్ దొరికితే అదే మేలు.

ఇల్లు, ఒళ్లు జాగ్రత్త

గడ్డి ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండే పల్లెల్లో రెసిన్, ఎసిటోన్ పెట్రోల్‌తో సమానం. పని చేసే చోట బీడీ, పొయ్యి, వెల్డింగ్ ఉండకూడదు. హార్డ్‌నర్ తుడిచిన గుడ్డలను నీళ్ల బకెట్‌లో వేయండి. కుప్పగా వదిలితే వాటంతటవే అంటుకోవచ్చు.

మూతికి కట్టిన తువ్వాలు రెసిన్ ఆవిరిని ఆపదు. రసాయన ఆవిర్ల కోసం చేసిన బొగ్గు గుళికల మాస్కు కావాలి. గ్రైండింగ్‌కు దుమ్ము మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. దురద పెడితే రుద్దకండి. ముందు చన్నీళ్లతో కడగండి. 

మిగిలిన ముక్కలను కాల్చకండి, ఆ పొగ విషం. ఒడ్డున పారేయకండి. అవి వలలను చీలుస్తాయి, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. గోనె సంచుల్లో కట్టి పంచాయతీ చెత్త బండికి ఇవ్వండి.

ఫిబ్రవరి: పూత, నీళ్లలో పరీక్ష

చివరి పొర గట్టిపడి కనీసం వారం గడిచాకే పూత వేయండి. మామూలు రెసిన్ గాలి తగిలే పైభాగంలో జిగటగా మిగిలిపోతుంది. అందుకే చివరి పూతలో మైనం కలిపిన రకం వాడతారు. ఇసుకలో లాగేటప్పుడు అరిగే అడుగు గీత మీద రెండు రోవింగ్ పొరలు, వాటి మధ్య ఒక మ్యాట్ పొర అదనంగా వేస్తే మరికొన్నేళ్లు నిలుస్తుంది.

వేటకు వెళ్లేముందు నిలకడ నీటిలో పరీక్ష చేయండి. సముద్రపు అలల్లో వద్దు. ఏటి పాయలోనో, ఉప్పుటేరులోనో దింపి, మనుషుల బరువుకూ వలల బరువుకూ సరిపడా ఇసుక బస్తాలు వేసి మూడు గంటలు ఉంచండి. తర్వాత అడుగున, బల్ల దగ్గర, పక్కెల కింద చేత్తో తడిమి చూడండి. ఎక్కడైనా చెమ్మ తగిలితే ఆ చోట మళ్లీ తెరవాలి. చెమ్మ లేకపోతే ఇంజన్ బిగించి తిప్పి, వెనక బల్ల కదులుతోందేమో చూడండి.

మొదటి రెండు మూడు వేటలకు వేట నిషేధం లేని చోటనే, తీరం కనిపించేంత దూరంలోనే, మరో పడవ తోడుగా, లైఫ్ జాకెట్లతో వెళ్లండి. ప్రతి వేట తర్వాత అడుగున చేరిన నీటిని కొలిచి ఒక పుస్తకంలో రాసుకోండి. రోజురోజుకీ ఆ కొలత పెరుగుతూ ఉంటే లోపలెక్కడో దారి తెరుచుకుందని అర్థం. అప్పుడు పడవను వెంటనే ఒడ్డుకు చేర్చి, ఆ దారి ఎక్కడుందో తేలేవరకు వేటకు తీసుకుపోకండి.